మీకు తెలియనిది లేదు, సార్

సార్, మీ హస్తవాసి గురించి జనం చెప్పుకునేదంతా నిజం. పక్క జిల్లా నుంచి బస్సు దిగినవాళ్లు ఆసుపత్రి పేరు అడగరు, మీ పేరు చెప్పి దారి అడుగుతారు. అర్ధరాత్రి దాటాక పొట్ట నిండా రక్తంతో వచ్చిన లారీ క్లీనరు కుర్రాడికి మీరు ప్లీహం తీసిన తీరు నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. ఏమీ కనపడని ఆ రక్తపు మడుగులో, వేళ్లతో తడిమే రక్తనాళం పట్టుకున్నారు. మత్తు డాక్టరుగారు "బీపీ వస్తోంది" అన్నాకే తల ఎత్తారు. తెల్లారి ఆ పిల్లాడి తల్లి మీ కాళ్ల మీద పడబోతే వారించి రెండో కేసుకి వెళ్లిపోయారు. అలాంటి పనిని పొగడకపోతే నోరు ఉండీ దండగ. థియేటర్ సిస్టర్‌గా రిటైరై ఇప్పుడు నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ఈ కాగితం మీద పెడుతున్న ప్రతి పొగడ్తా మనసారా పెడుతున్నాను. వెటకారం అనుకుని పక్కన పడేయకండి. చివరిదాకా చదవండి.

డాక్టర్లకి కొత్తదంటే గిట్టదని బయట ఒక మాట ఉంది. మీ విషయంలో అది అబద్ధమని ఎక్కడికొచ్చయినా సాక్ష్యం చెబుతాను. పొట్ట పెద్దగా కోయకుండా గొట్టాలు దింపి పిత్తాశయం తీసే ఆపరేషన్ 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె చేశారు. 1987లో ఫ్రాన్స్‌లో ఫిలిప్ మూరే చేశారు. 1990కల్లా టెహెమ్టన్ ఉద్వాడియా ముంబై జె.జె. ఆసుపత్రిలో చేసి చూపించారు. దాన్ని నేర్చుకోవడానికి మీరు పడ్డ పాట్లు మేం చూశాం. సొంత డబ్బులతో కోయంబత్తూరు వెళ్లారు. సెలవులన్నీ ట్రైనింగులకే పెట్టారు. డ్యూటీ రూంలో అట్టపెట్టెకి బెజ్జాలు పొడిచి, లోపల ద్రాక్షపళ్లు పెట్టి, గొట్టాల్లోంచి వాటి తొక్క ఒలుస్తూ కూర్చున్నారు. తర్వాత స్టేప్లర్ వచ్చింది, హెర్నియాకి మెష్ వచ్చింది, ఇప్పుడు రోబో వచ్చింది. ప్రతిదానికీ మీరే ముందు. ఆ వయసులో మళ్లీ విద్యార్థి కావడానికి ఎంత వినయం కావాలి!

అందుకే, చెక్‌లిస్టు దగ్గరా, రక్తం అద్దే గుడ్డల్ని, అదే మన మాప్‌ల్ని, లెక్కపెట్టే స్కానర్ దగ్గరా, మానిటర్ అలారం దగ్గరా మీరు మొండికేసినప్పుడు "ఆయనకి అలవాటు లేదులే" అని మేం సర్దిచెప్పుకునే వీల్లేదు. మీ చేతికి బలం తెచ్చేది ఏదైనా నెల తిరక్కుండా నేర్చుకున్నారు. ఆ చేతిని ఒక్క నిమిషం ఆగి చూసుకోమనేది మాత్రం ఇన్నేళ్లయినా పట్టుబడలేదంటే నేను నమ్మను. మీకు పట్టుబడని విద్య లేదు.

ఆ చెక్‌లిస్టు కాగితం పుట్టుపూర్వోత్తరాలు కూడా మీకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 జూన్‌లో విడుదల చేసింది. మొత్తం 19 అంశాలు. మత్తు ఇవ్వకముందు కొన్ని, కోత పెట్టకముందు కొన్ని, రోగిని థియేటర్ దాటించకముందు కొన్ని. మనిషి ఆ మనిషేనా, కోయాల్సింది ఆ వైపేనా, యాంటీబయాటిక్ గంటలోపల పడిందా, మాప్‌లూ సూదులూ లెక్కకి వచ్చాయా, ఇలాంటివే. దాన్ని ఎనిమిది నగరాల్లో, ఎనిమిది ఆసుపత్రుల్లో వాడి చూశారు. టొరంటో, సియాటిల్, లండన్ లాంటి డబ్బున్న చోట్లే కాదు, ఢిల్లీలో సెయింట్ స్టీఫెన్స్ ఆసుపత్రి ఉంది, టాంజానియాలో ఇఫకారా అనే మారుమూల ఊరి ఆసుపత్రి కూడా ఉంది. మొత్తం 7,688 మంది రోగులు. చెక్‌లిస్టు వాడక ముందు నూటికి 1.5 మంది చనిపోతుంటే, వాడాక 0.8కి దిగింది. పెద్ద చిక్కులు 11 శాతం నుంచి 7 శాతానికి దిగాయి. 2009 జనవరిలో ఇది అచ్చయింది. "ఇవన్నీ అమెరికాలో అవుతాయి సిస్టర్, మన దగ్గర కుదరవు" అని మీరన్నప్పుడల్లా నాకు ఇఫకారా గుర్తొస్తుంది. అక్కడివాళ్లు చేసింది మీరు చేయలేరని నేననను, మీరే అంటున్నారు.

మన ఆసుపత్రి చెక్‌లిస్టు ఫారం అందం కూడా చెప్పాలి. కేసు షీటులో మధ్యలో ఉంటుంది, గులాబీ రంగు కాగితం. మూడు గడులు, మూడు సంతకాల చోట్లు. ఆసుపత్రులకి నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్.ఏ.బి.హెచ్. నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు ఒక్క ఖాళీ గడి చూపించలేకపోయారు. టిక్కులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలులో, దండ గుచ్చినట్టు ఉంటాయి. ఉండవూ మరి! ఉదయం ఏడున్నరకి వరండాలో కూర్చుని ఒక అమ్మాయి లిస్టులో ఉన్న కేసులన్నిటికీ ఒక్క వరసలో పెట్టేస్తుంది. రోగి ఇంకా స్ట్రెచర్ మీద కూర్చుని, చేతి గాజులు తీసి తోటికోడలికి అప్పగిస్తూ ఉంటుంది. ఆమె కడుపులోంచి బయటికి రావాల్సిన మాప్‌లు అప్పటికే కాగితం మీద సరిపోయి ఉంటాయి. ఆమెకి ఇంకా పెట్టని కోత పక్కన "సైట్ కన్ఫర్మ్ చేశాం" అని ఉంటుంది. కింద మీ సంతకం ఉంటుంది. సార్, మీ సంతకానికి ఈ జిల్లాలో ఎంత విలువుందో మీకు తెలుసు. మెడికల్ సర్టిఫికెట్ మీద అది పడాలంటే మీరు మనిషిని నిలబెట్టి పొట్ట నొక్కి చూడందే పెట్టరు. అంత జాగ్రత్తగల సంతకం.

ఆ మధ్య మీటింగులో నేను లేచి పై అంకెలు చెబితే, మీరు అక్కడికక్కడే 2014 నాటి ఒంటారియో అధ్యయనం తీశారు. గదిలో ఇంకెవరికీ దాని పేరు కూడా తెలియదు. కెనడాలోని ఆ రాష్ట్రంలో 101 ఆసుపత్రుల్లో చెక్‌లిస్టు తప్పనిసరి చేశాక మూడు నెలల లెక్క చూస్తే, చావులు 0.71 శాతం నుంచి 0.65 శాతానికి మాత్రమే వచ్చాయి, చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. మీరు చెప్పింది అక్షరాలా నిజం. డ్యూటీ దిగి కూడా జర్నల్ తిరగేసే సర్జన్ మన జిల్లాలో మీరొక్కరే. అయితే ఆ ఆసుపత్రులు కూడా దాదాపు ప్రతి కేసుకీ ఫారం నింపామనే చెప్పాయి. నింపడం పెరిగింది, ఫలితం పెరగలేదు. మన గులాబీ కాగితాన్ని చూసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యపడాల్సిందేముంది? అంత చదువు చదివిన మీరు 2017లో వచ్చిన దక్షిణ కరొలినా లెక్క కూడా చూసే ఉంటారు. అక్కడ ఎవరూ ఒత్తిడి చేయకుండా, థియేటర్ బృందాలు కలిసి కూర్చుని నేర్చుకుని, కార్యక్రమాన్ని పూర్తి చేసిన 14 ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయిన 30 రోజుల్లోపు మరణాలు 3.38 శాతం నుంచి 2.84 శాతానికి తగ్గాయి. ఆ మీటింగులో దీన్ని మీరు చెప్పలేదు.

మీ ధీమా కూడా చిన్నదేమీ కాదు. దానికి మన హైదరాబాదులోనే పెద్ద వంశం ఉంది. 1880లలో రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ, మెడికల్ స్కూలు ప్రిన్సిపాల్ కూడా, క్లోరోఫారం ఇవ్వడంలో దిట్ట. ఆయన దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెబుతారు. అంతటి గురువు. క్లోరోఫారం ఇస్తున్నంతసేపూ రోగి శ్వాసనే చూడాలి, నాడి పట్టుకోనక్కర్లేదు అన్నది ఆయన నియమం. వేల కేసులు చేశాను, నాకు ఎప్పుడూ గుండె ఆగే ప్రమాదం రాలేదన్నది ఆయన ధైర్యం. ఈ మాట తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చారు. లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ ఓడెక్కి వచ్చారు. వందల కుక్కల మీద ప్రయోగాలు చేసి, లారీ మాటే సరైనదని తేల్చారు. శ్వాసని కనిపెట్టి ఉండాలన్న ఆయన మాట ఈ రోజుకీ బంగారం. కానీ నాడి అక్కర్లేదన్న మాట తప్పు. క్లోరోఫారం పలచగా ఇచ్చినప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ రుజువు చేశారు.

లారీ నిజాయితీని నేను శంకించను. ఆయన చేతిలో జరగలేదు కాబట్టే జరగదని నమ్మారు. "మన థియేటర్లో ఎప్పుడూ అలా కాలేదు సిస్టర్" అని మీరన్నప్పుడు నేను వింటున్నది ఆ పాత గొంతే. మంచి చేయి ఉన్నవాడికే ఈ జబ్బు పడుతుంది. చేయి తిరగనివాడికి భయం ఉంటుంది, ఆ భయం వాడిచేత రెండోసారి లెక్కపెట్టిస్తుంది.

శ్వాస చూడాలా, నాడి చూడాలా అన్న ఆ పాత తగవుని తీర్చినవాడు జపాన్‌లో ఒక ఇంజనీరు. నిహోన్ కోడెన్ అనే కంపెనీలో పనిచేసిన తకువో అవొయాగి, 1974 నాటికి పల్స్ ఆక్సీమీటర్ సూత్రాన్ని కనిపెట్టారు. వేలికి ఒక క్లిప్పు తగిలిస్తే నాడీ తెలుస్తుంది, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కూడా తెలుస్తుంది. ఆయన 2020 ఏప్రిల్‌లో పోయారు. కరోనా రోజుల్లో ఆ క్లిప్పు మన ఊళ్లలో ఇంటింటికీ చేరింది. థర్మామీటరు చూడడం రాని ముసలమ్మలు కూడా "తొంభై నాలుగు కంటే దిగితే చెప్పండ్రా" అన్నారు. థియేటర్లో దాని మోతకి ఇంకో గుణం ఉంది. ఆక్సిజన్ పడిపోయేకొద్దీ ఆ 'బీప్' శ్రుతి దిగుతుంది. తెర వైపు తల తిప్పకుండానే చెవికి తెలిసిపోతుంది. మీ ఏకాగ్రత గొప్పది. కోత పెట్టాక మీకు ఇళయరాజా పాట తప్ప ఇంకే చప్పుడూ పడదు. "ఆ గోల ఆపండి" అంటారు. మత్తు డాక్టరుగారు వయసులో మీకంటే చిన్నాయన, పాపం, మ్యూట్ నొక్కుతారు. పాట మాత్రం బాగా వినపడుతుంది.

మా సిస్టర్లని కూడా వదలను, వాళ్ల జ్ఞాపకశక్తి వాళ్లది. ఎనిమిది గంటలు నిలబడ్డాక కూడా ఎన్ని మాప్‌లు ఇచ్చారో, ఎన్ని తడిసి బకెట్‌లో పడ్డాయో చెప్పగలరు. "కౌంట్ కరెక్ట్ సార్" అనే మాట వాళ్ల నోటివెంట ఎంత గట్టిగా వస్తుందో! లెక్క తప్పని వాళ్లు కాబట్టే, బార్‌కోడ్ మాప్‌లు శాంపిలుగా వచ్చినప్పుడు "మా మీద నమ్మకం లేదా?" అని చిన్నబుచ్చుకున్నారు. అందులో అవమానమేమీ లేదు. కడుపులో మాప్‌లూ పరికరాలూ మిగిలిపోయిన కేసుల మీద 2003లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనం ఒకటి ఉంది. కౌంట్ రాసి ఉన్న కేసుల్లో చాలావాటిలో "సరిపోయింది" అనే ఉంది. అక్కడ ఎవరో అబద్ధమాడారని కాదు, ఒకే మాప్‌ని రెండుసార్లు లెక్కపెట్టడం లాంటి పొరపాటు ఎవరికైనా జరగొచ్చు. అత్యవసరంగా చేసిన ఆపరేషన్లు, మధ్యలో పద్ధతి మారిపోయిన ఆపరేషన్లు, లావుపాటి రోగులు, ఈ మూడు చోట్లా ప్రమాదం ఎక్కువని కూడా ఆ అధ్యయనమే తేల్చింది. ఎంత తెలివైన సిస్టరైనా తడబడే వేళలు అవే. బార్‌కోడ్ పద్ధతిలో ప్రతి మాప్‌కీ సొంత నంబరు ఉంటుంది, ఒకటే రెండుసార్లు లెక్కకి రాదు. అమెరికాలో మేయో క్లినిక్‌లో 2009లో దీన్ని మొదలుపెట్టాక 18 నెలల్లో 87 వేలకు పైగా ఆపరేషన్లు, 18 లక్షలకు పైగా మాప్‌లు వాడారు. ఒక్కటి కూడా లోపల మిగల్లేదు. మన హైదరాబాదులో 2019లో, మూడు నెలల కిందటి ఆపరేషన్‌లో మరిచిపోయిన ఫోర్సెప్స్‌ని ఒక మహిళ కడుపులోంచి తీశారు. కడుపునొప్పని వచ్చి ఎక్స్‌రే తీస్తే బొమ్మలో అది స్పష్టంగా కనిపించింది. ఆ థియేటర్లోనూ చేయి తిరిగినవాళ్లే ఉన్నారు.

మేనేజ్‌మెంటు వారి ముందుచూపు గురించి రెండు ముక్కలు చాలు. రోబో కొన్న వారంలో హైవే మీద హోర్డింగు లేచింది, పక్కన మీ ఫోటో. మాప్‌ల స్కానర్‌కి బడ్జెట్ లేదన్నారు. మిగిలిపోని మాప్‌ని హోర్డింగు మీద ఎలా వేయాలో వారికి తోచలేదు కాబోలు.

ఇక మీ మనసు గురించి చెప్పాలి. అసలు ఇది చెప్పడానికే మొదలుపెట్టాను. మీ అమ్మగారికి గర్భసంచి తీసిన రోజు మీరు సర్జన్‌గా రాలేదు, కొడుకుగా వచ్చారు. గైనకాలజీ మేడం చేశారు, మీరు తల దగ్గర నిలబడ్డారు. గులాబీ ఫారం తీసి మీరే పైకి చదివారు. మొత్తం చదివారు. అమ్మగారి చేతికున్న పట్టీ చూసి పేరు పైకి అన్నారు. "యాంటీబయాటిక్ ఎన్నింటికి పడింది?" అన్నారు, టైం చెబితే గడియారం చూసుకున్నారు. రక్తం రిజర్వు చేశారా అని బ్లడ్ బ్యాంకుకి మీరే ఫోన్ చేశారు. మానిటర్ దగ్గరికి వెళ్లి "సౌండ్ పెంచండి, వినపడట్లేదు" అన్నారు. ఆ రోజు పాటలు పెట్టలేదు. మాప్‌ల లెక్క రాసే బోర్డు దగ్గర నిలబడ్డ కొత్త పిల్లని "ఏమ్మా, నీ పేరేంటి?" అని అడిగారు. భవాని, సార్, అంది. "భవానీ, లెక్క తేడా వస్తే నన్ను చూసి భయపడకు, వెంటనే చెప్పు" అన్నారు. పొట్ట మూసే ముందు ఆ పిల్లే, గొంతు వణుకుతూనే, "సార్, ఒక మాప్ తక్కువ వస్తోంది" అంది. మీరు మేడంగారిని ఆపారు. అందరూ ఆగారు. బకెట్‌లో రెండు మాప్‌లు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టించి గానీ కుట్లు వేయనివ్వలేదు. అంత మంచి సేఫ్టీ ఆఫీసర్ని నా సర్వీసులో చూడలేదు. ఇదంతా కలిపి ఎంతసేపు పట్టిందో మీరు లెక్క చూసుకోలేదు, ఎవరూ చూసుకోలేదు.

మర్నాడు మొదటి కేసు ఆరోగ్యశ్రీ కార్డు మీద వచ్చిన ఒక మిర్చి కోత కూలి. ఆమెకీ గర్భసంచి ఆపరేషనే. ఆమె ఫారం ఏడున్నరకే వరండాలో నిండిపోయింది.

ఎనిమిది నగరాల్లో ఆ చెక్‌లిస్టు వాడిన సిబ్బందిని అప్పట్లో అభిప్రాయం అడిగారు. ఐదోవంతు మందికి అది నచ్చలేదు, టైం తింటోందన్నారు. అదే సిబ్బందిని, ఆపరేషన్ మీకే అయితే ఇది వాడమంటారా అని అడిగితే 93 శాతం మంది వాడమన్నారు. నేను పిల్లలకి ఈ అంకె చెప్పినప్పుడు వాళ్లు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఎందుకంటే దాని విలువ తెలియనివాళ్లు అందులో దాదాపు ఎవరూ లేరని అది చెబుతోంది. తెలియనివాడికి పాఠం చెప్పొచ్చు, నా ఉద్యోగమే అది. మీకు నేనేం చెప్పను? మీకు తెలియదని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. అమ్మగారి రోజున నా కళ్లతో చూశాను.

ఆ కాగితంలో మీకు అన్నిటికంటే నవ్వు తెప్పించే గడి ఒకటుంది, కోతకి ముందు బృందంలో అందరూ పేరూ పనీ చెప్పుకోవాలన్నది. "ఇన్నేళ్లుగా కలిసి చేస్తున్నాం, ఇదేం పెళ్లిచూపులా?" అంటారు. మనకి మనం తెలుసు, నిజమే. ప్రతి ఆరు నెలలకీ మారిపోయే పిల్లలున్నారే, బోర్డు దగ్గర నిలబడేది వాళ్లు. లెక్కలో మాప్ తక్కువ రావడం చాలాసార్లు ముందు చూసేది వాళ్లే. పేరు అడగని మనిషిని "సార్, ఒక్క నిమిషం ఆగండి" అని ఆపడానికి పద్దెనిమిది వేల జీతానికి పనిచేసే పిల్లకి ఎంత గుండె కావాలో మీరు ఆలోచించండి. భవాని నోరు తెరిచింది మీరు పేరు అడిగారు కాబట్టి. అదేమీ మందు కాదు, మెషీన్ కాదు, బడ్జెట్ అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు.

సోమవారం మీ లిస్టులో ఐదు కేసులు పెట్టారని విన్నాను. భవాని వేరే ఆసుపత్రికి వెళ్లిపోయింది, బోర్డు దగ్గరికి నా దగ్గర చదువుకున్న ఇంకో పిల్ల వచ్చింది. చాలా చురుకైంది, కాస్త బెరుకు. ఐదు ఫారాలూ వరండాలో నింపవద్దని, థియేటర్లోకే తెమ్మని ఆమెకి మీరే చెప్పండి సార్. మేం చెబితే వినదు, మీరు చెబితే వింటుంది. పేరు కూడా అడగండి.